ఎవరి పొద్దు వాళ్ళది

మొన్న వానాకాలంలో గంగారాం కాక కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి కరీంనగర్ వచ్చి, మా ఇంట్లో వారం పైనే ఉన్నాడు. చిన్నాన్న వరసన కాక అని పిలుస్తాం గానీ మాకు ఆయన రక్తసంబంధి కాదు. మందమర్రిలో మా బాపుతో పాటు ఒకే బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసినవాడు. కార్మికుల కాలనీలో మా క్వార్టర్‌కూ వాళ్ళ క్వార్టర్‌కూ మధ్య ఒకటే గోడ. ఇప్పుడు ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి, కొడుకు దుబాయిలో ఉన్నాడు, భార్య లక్ష్మి చిన్నమ్మ పోయి చాలా కాలమైంది. ఫోన్ చేసి, "బిడ్డా సుగుణా, నాకు మబ్బు మబ్బుగ కనవడ్తుంది, కరీంనగర్ల మంచి డాక్టరున్నడా?" అని అడిగితే, "డాక్టర్ సంగతి తర్వాత, ముందు నువ్వు బస్సెక్కు" అన్నాను.

వచ్చిన మర్నాడు పొద్దున ఏడింటికి చాయ్ తీసుకుని వెళ్తే, కాక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మనిషి అక్కడ లేడు. పలకరిస్తే "ఆఁ" అన్నాడు. మళ్ళీ పలకరిస్తే ఆ "ఆఁ" కూడా లేదు. మా అమ్మాయి నీలిమ భయపడింది. ఆమెది హైదరాబాద్‌లో ఉద్యోగమైనా సగం నెల ఇంటినుంచే చేస్తుంది కాబట్టి అప్పుడు నా దగ్గరే ఉంది. "అమ్మా, తాతకు షుగర్ పడిపోయిందేమో చూడు" అంది. "ఏం పడిపోలేదు. ఆయనకు ఇంకా తెల్లారలేదు, అంతే" అన్నాను. పదకొండు దాటాక కాక స్నానం చేశాడు, రెండింటికి అన్నం తిన్నాడు, దీపాలు పెట్టే వేళకు మనిషే మారిపోయాడు. వెన్ను నిటారుగా అయింది, గొంతులో బిగువు వచ్చింది. బాసర దగ్గర తమ ఊళ్ళో చిన్నప్పుడు పట్టిన చేపల గురించి మొదలుపెట్టి, నీలిమ లాప్‌టాప్ ముందు కూర్చునేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆమె పని విదేశీయుల వేళలతో నడుస్తుంది, మనకు పొద్దుగూకితే ఆమెకు ఆఫీసు మొదలవుతుంది. ఆ వారమంతా ఇద్దరూ కలిసి సాయంత్రం చాయ్ తాగి ఎవరి ఉత్సాహంలో వాళ్ళు పడేవాళ్ళు. ఒక రోజు నీలిమ తన చేతి గడియారం ఎంతసేపు పడుకున్నదీ, అందులో గాఢనిద్ర ఎంతో గీతలు గీసి చూపిస్తుందని కాకకు చూపించింది. కాక బాగున్న కంటితో దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నిద్ర వట్టిందా లేదా గిది చెప్తదా? పొద్దుగాల లేస్తె నీకు తెల్వదా బిడ్డా?" అన్నాడు. నీలిమ నవ్వింది కానీ గడియారం మాత్రం తీయలేదు.

ఆపరేషన్‌కు డాక్టర్ పొద్దున్నే రమ్మన్నాడని చెప్పినప్పుడు కాక నిజంగానే దిగులుపడ్డాడు. కత్తి గురించి కాదు, పొద్దున గురించి. "సాయంత్రం చేయరాదా? పొద్దుగాల నేను నా తాన ఉండను గదా" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "మీ బాపు పోయినప్పుడు నేను రాలేకపోతి. ఏ యాళ్ళ పోయిండు?" అని అడిగాడు. తెల్లవారుజామున, ఇంకా చీకటి విడవకముందు అని చెప్పాను. కాక తల ఊపాడు. తాను అనుకున్న లెక్కే సరిపోయినట్టుగా ఉంది ఆ ఊపడం. "గంతే. ఆయన యాళ్ళ అదే. లేచి పనికి పోయే యాళ్ళకు పోయిండు" అన్నాడు. ఆ మాట విన్నాక, చాలా ఏళ్ళుగా తలచుకోని ఆ క్వార్టర్ల బతుకు ఒక్కసారిగా ముందుకు వచ్చి నిలబడింది.

మందమర్రిలో మా ఇంటిని నడిపింది గడియారం కాదు, బాయి సైరన్. అది రోజుకు మూడు షిఫ్టులకూ కూసేది. బాయి పని ఎప్పుడూ ఆగదు కాబట్టి మనుషులు వారం వారం షిఫ్టు మారాలి. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఒక వారానికి ఒళ్ళు అలవాటు పడేసరికి ఆ వారం అయిపోయేది. పొద్దున షిఫ్టు వారంలో అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, నాలుగింటికి లేచి బొగ్గుల పొయ్యి రాజేసేది. సగం కాల్చి ఆర్పిన బొగ్గు వాసన, తడి మన్ను వాసన, జొన్నరొట్టె పెనం మీద కాలే వాసన కలిసి మా నిద్రలోకి వచ్చేవి. మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఇల్లు కాస్త తెరిపిన పడేది. రాత్రి షిఫ్టు వారంలో మాత్రం పట్టపగలు ఇంట్లో రాత్రి చేయాల్సి వచ్చేది. కిటికీకి గొంగడి కట్టేవాళ్ళు. మిరపకాయలు దంచడం, బట్టలు బండకు కొట్టడం, గిన్నెలు తోమడం అన్నీ పక్కింటికో పంపు దగ్గరికో మారేవి. కాలనీలో ఏ ఇంటి తలుపు గొళ్ళానికి తువ్వాల కట్టి ఉంటే ఆ ఇంట్లో ఒక మనిషి పడుకున్నాడని గుర్తు. మా పిల్లలందరికీ అది తెలుసు. గోళీల ఆట కూడా ఆ ఇంటి ముందునుంచి జరిపి ఆడేవాళ్ళం.

బాపు పేరు ప్రకాశం. సుల్తానాబాద్ దగ్గర పల్లెలో ఒకరి పొలం కౌలుకు చేసుకునే మిషన్ చర్చి కుటుంబం ఆయనది. మా తాతకు రెండెడ్లు, బాపుకు చిన్నప్పటినుంచే నీళ్ళు మళ్ళించే పని. కాకి లేవకముందే లేవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు, అది ఆయన ఒంట్లోనే ఉంది. లేచిన క్షణంనుంచే ఆయన పూర్తి మనిషి. మాట, చేయి, నవ్వు అన్నీ పొద్దున్నే పుట్టేవి. పొద్దెక్కే కొద్దీ తగ్గుతూ వచ్చి, దీపాలు పెట్టేసరికి అడుగంటేవి. కంచంలో చేయి ఉండగానే నిద్రపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అవ్వ ఆయన చేతిలోని ముద్ద తీసి, చేయి కడిగి పడుకోబెట్టేది. అలాంటి మనిషికి రాత్రి షిఫ్టు పడ్డ వారం ఇంట్లో ఇంకెవరో వచ్చి ఉన్నట్టుండేది. పగలు పడుకునేవాడు గానీ నిద్రపోయేవాడు కాదు. కళ్ళు ఉబ్బి, నోరు చేదై, తిన్నది ఇమడక, పలకరిస్తే కసిరేవాడు. మా తమ్ముడి మీదా నా మీదా ఆయన చేయి లేచిందంటే అది రాత్రి షిఫ్టు వారంలోనే. చిన్న వయసులోనే మేము ఆ సంగతి కనిపెట్టి, ఆ వారం ఆయన ఎదుట పడకుండా తిరిగేవాళ్ళం. ఆయన మీద కోపం వచ్చేది కాదు. వాన పడితే తడవకుండా పక్కకు జరుగుతాం కదా, అలాంటిదే అది.

గోడ అవతల గంగారాం కాకది దీనికి తలకిందుల కథ. వాళ్ళది గోదావరి మీద వలలు వేసే ఇల్లు. వాళ్ళ నాయన పొద్దుగూకాక వల దించి రాత్రంతా పడవలోనే ఉండి తెల్లారే ముందు తీసేవాడట. ఇంట్లో పిల్లలు కూడా ఆయనతో పాటే మేలుకునేవాళ్ళు. ఆ ఒంటిని తీసుకొచ్చి కాక బాయిలో పెట్టాడు. రాత్రి షిఫ్టుకు పెళ్ళికి పోయినట్టు పోయేవాడు. పొద్దున షిఫ్టు వారంలో మాత్రం లక్ష్మి చిన్నమ్మ నీళ్ళు కుమ్మరించి లేపేది. ఆ నీళ్ళ చప్పుడూ, చిన్నమ్మ తిట్లూ, కాక మూలుగూ గోడ దాటి మాకు వినపడేవి.

ఒక రోజు పంపు దగ్గర అవ్వా చిన్నమ్మా బిందెలు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. నేను అవ్వ పక్కనే కడవ పట్టుకుని నిలబడ్డాను.

"మా ఆయనను గీ వారం సూస్తె భయమైతుంది అక్కా" అంది చిన్నమ్మ. "పొద్దుగాల పీనుగు లెక్క లేస్తుండు. కండ్లు మూసుకొనే బాయికి పోతుండు. ఏడ పడ్తడో ఏమో."

"మీ ఆయన పొద్దటి పీనుగు, మా ఆయన రాత్రి పీనుగు" అంది అవ్వ. బిందె నిండింది. దాన్ని ఎత్తుకోకుండా అలాగే నిలబడి ఆలోచించింది. "లచ్చిమీ, మీ ఆయనకు పొద్దటి షిఫ్టు పడ్డ వారమే గదా మా ఆయనకు రాత్రి పడేది?"

"అవ్ అక్కా. గీ వారం గట్లనే ఉంది."

"మరి మార్చుకోరాదా? ఇద్దరు పీనుగులు మార్చుకుంటే రెండు పానాలు లేస్తయి."

చిన్నమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపింది. నాకు ఆ లెక్క ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఇద్దరి వారాలూ ఎలా తిరిగేవంటే, ఆ ఒక్క వారం మార్చుకుంటే చాలు, బాపుకు ఇక రాత్రి అనేదే ఉండదు, కాకకు పొద్దున అనేదే ఉండదు. మిగతా వారాల్లో బాపుకు పొద్దునైతే కాకకు మధ్యాహ్నం, బాపుకు మధ్యాహ్నమైతే కాకకు రాత్రి, అవి వాటంతట అవే సరిపోతాయి. బిందె నిండేంతసేపట్లో అవ్వ ఆ లెక్క కట్టింది. ఆమె బడికి పోయింది లేదు.

మొదట అడ్డం చెప్పింది బాపే. "నా కష్టం తీస్కపోయి ఇంకొకని నెత్తిన పెట్టుమంటవా? రాత్రి అంటె ఎవ్వరికైన రాత్రే" అన్నాడు. అవ్వ గోడ మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టింది. కాక వచ్చాడు. విషయం విని బాపు చేతులు పట్టుకున్నాడు. "అన్నా, పొద్దు నువ్వు తీస్కుంటనంటె నేను నీ కాళ్ళు మొక్కుత. నాకు రాత్రి కష్టమని నీకెవరు చెప్పిండ్రు? నేను పానంతోని ఉండేదే రాత్రి" అన్నాడు. బాపు నమ్మలేనట్టు ఆయన మొహంలోకి చూశాడు. ఒక మనిషికి రాత్రి నచ్చుతుందని ఆయనకు అంతవరకూ తోచలేదు. ఇద్దరూ కలిసి వాళ్ళ మీద పనిచేయించే సర్దార్ దగ్గరికి పోయారు. ఆయన తల గోక్కుని, "పని ఆగొద్దు, కొట్లాట రావొద్దు, గంతే" అన్నాడట.

ఆ తర్వాతి కొన్నేళ్ళు మా ఇంట్లో అన్నింటికన్నా మంచి కాలం. బాపు ఎప్పుడూ పొద్దున వెళ్ళి ఎండ ఉండగానే వచ్చేవాడు, లేదా మధ్యాహ్నం షిఫ్టు చేసి వచ్చేవాడు. క్వార్టర్ వెనక చిక్కుడు పందిరి వేశాడు. ఆదివారం చర్చిలో మేలుకుని పాడేవాడు. అంతకుముందు రాత్రి షిఫ్టు వారాల్లో ప్రసంగం మధ్యలో ఆయన గురక వినపడి అవ్వ మోచేత్తో పొడిచేది. మా తమ్ముడు ఆయన భుజాలెక్కేవాడు. సంసారంలో మార్పంటే ఇంతే, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇంట్లో నలుగురూ ఒకరి మొహం ఒకరు మెలకువగా ఉన్నప్పుడు చూసుకోగలగడమే.

ఆ కాలంలోనే నా సంగతి కూడా తేలింది. చదువు తెల్లవారుజామునే ఒంటబడుతుందని మన దగ్గర అందరికీ గట్టి నమ్మకం. బాపుకు ఇంకా గట్టిది, ఎందుకంటే ఆయనకు ఏదైనా ఆ వేళే ఒంటబడేది. తనతో పాటు నన్నూ లేపి లెక్కల పుస్తకం ముందు కూర్చోబెట్టేవాడు. నేను కూర్చున్నచోటే తల వాల్చేదాన్ని. మొహం మీద నీళ్ళు చల్లుకున్నా, నిలబడి చదివినా, భాగహారం మధ్యలో అంకెలు ఈదుకుంటూ పోయేవి. మార్కులు రాలేదు. బాపు కొట్టలేదు గానీ, "నీకు సదువు రాదు బిడ్డా, మిషన్ నేర్చుకో, బట్టలు కుట్టుకో" అన్నాడు. అందులో కోపం లేదు, నిజంగానే నా మేలు కోరి అన్నాడు. ఆ మాటకే నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఒక సాయంత్రం కాక పనికి పోయేముందు మా గడప మీద చాయ్ తాగుతూ నన్ను గమనించాడు. నేను పొయ్యి వెలుగులో పుస్తకం పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే లెక్క మీద లెక్క చేసుకుంటూ పోతున్నాను. పొద్దున ఈదిన అంకెలు ఇప్పుడు కదలకుండా కూర్చున్నాయి.

"అన్నా, గీ పొల్ల నా తీర్గున్నది" అన్నాడు బాపుతో. "పొద్దుగాల లేపకు. దీపం పెట్టినంక సదువనియ్యి."

బాపు అప్పటికే సగం నిద్రలో ఉన్నాడు. "దీపం పెట్టినంక ఏం సదువుతరు? అందరు పొద్దుగాలనే సదువుతరు."

"సదువుల తల్లి గుడి మా ఊరి దగ్గర్నే ఉన్నది. నేను పుట్టినకాడి నుంచి సూస్తున్న. ఫలానా యాళ్ళకే సదువాలె అని ఆమె ఏడ రాసిపెట్టలే."

బాపు నవ్వాడు. ఆయన మొక్కే దేవుడు వేరు, అయినా ఆ మాటకు అడ్డు చెప్పలేదు. మర్నాటినుంచి నన్ను లేపలేదు. ఆ ఏడాది లెక్కల్లో నేను పాసవడమే కాదు, టీచర్ నా పేరు పెట్టి మెచ్చుకుంది. ఇన్నేళ్ళూ నేను పిల్లలకు పాఠాలు చెప్పి బతికానంటే ఆ గడప మీది చాయ్ దగ్గరే దానికి పునాది పడింది. ఉద్యోగంలో చేరాక పొద్దున మొదటి గంట నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. పిల్లల పేపర్లు దిద్దడం, కొత్త పాఠం తయారు చేసుకోవడం లాంటి తల పెట్టే పనులు సాయంత్రానికి దాచుకునేదాన్ని. పొద్దున తరగతిలో కునికే పిల్లలను బల్లెక్కించలేదు.

కొన్నేళ్ళ తర్వాత బాయికి కొత్త మేనేజర్ వచ్చాడు. ఎవరి షిఫ్టుకు వాళ్ళే రావాలన్నాడు. ఆయన చెప్పిన కారణం తప్పని నేను ఇప్పుడు కూడా అనలేను. లోపల ఏదైనా జరిగితే పేరు ఒకరిది, మనిషి ఇంకొకరు అయితే ఇంటికి ఏమని కబురు పంపాలి అని అడిగాడట. మార్పిడి ఆగింది. మా కిటికీకి మళ్ళీ గొంగడి వచ్చింది. అందరి ప్రాణాలూ బాపు మీదే ఉన్నాయి. ఆయన రాత్రి షిఫ్టుకు పోయే వారమంతా అవ్వ గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి పంపేది. ఏదైనా జరిగితే ఆయనకే జరుగుతుందని, రాత్రే జరుగుతుందని మా అందరి మనసులోనూ ఉంది.

జరిగింది కాకకు. అదీ పొద్దున, బయట ఎండ పెళ్ళున కాస్తున్న వేళ. బొగ్గు టబ్బులు కదిలే పట్టాల పక్కనుంచి నడుస్తూ ఆయన ఒక్క అడుగు లోపలికి వేశాడు. వెనక వాళ్ళు కేకేశారట. ఆ కేక విన్నాననీ, అది తనకోసమని అర్థమవడానికి ఆలస్యమైందనీ కాక తర్వాత చెప్పాడు. ఎడమ పాదం నలిగింది. ప్రాణం దక్కింది, పాదంలో సగం పోయింది. చిన్నమ్మ మా ఇంట్లో కూర్చుని ఏడవలేదు, గోడవైపు చూస్తూ, "పొద్దుగాల బాయిల చీకటి, పైన ఎల్గు. గాయనకు రెండు చీకట్లే" అని మాత్రం అంది.

కాక ఆస్పత్రినుంచి వచ్చాక కాలనీలో అందరూ అనుకున్నది ఒకటే. కుంటివాణ్ణి ఏదో ఒక చిన్న పనిలో వేస్తారు, అది కూడా షిఫ్టుల పనే అవుతుంది, మళ్ళీ పొద్దున వారం వస్తుంది, ఈసారి ఇంకేం పోతుందో అని. బాపు రెండు మూడు రోజులు ఆగాడు. తర్వాత, మేనేజర్‌ను కలుస్తానన్నాడు. అధికారుల ముందు ఆయన ఎప్పుడూ నోరు విప్పింది లేదు. అవ్వ వద్దనలేదు. "పోతె పొద్దుగాలనే పో. పొద్దెక్కితె నీకు మాట రాదు" అంది. సెలవు రోజున ఆయన తలస్నానం చేసి, చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని, మేనేజర్ ఆఫీసుకు రాకముందే గేటు దగ్గర నిలబడ్డాడు.

అక్కడ ఏం జరిగిందో మొన్న కాక నోటే మళ్ళీ విన్నాను. బాపు ఒక్క మాట తడబడకుండా మాట్లాడాడట. బాయికి గాలి పంపే పెద్ద ఫ్యాను ఉండే గదిలో, పైనే, రాత్రి కాపలాకు ఒక మనిషి కావాలి. రాత్రి ఎవరికీ వద్దు. గంగారాంను ఎప్పటికీ రాత్రే అక్కడ పెట్టండి అని అడిగాడు. అందరి రాత్రులూ ఆయన తీసుకుంటాడు, అందరూ సంతోషంగా ఇచ్చేస్తారు. పేరూ ఆయనదే, మనిషీ ఆయనే, మీరు అడిగిన దానికి జవాబు సరిపోతుంది అన్నాడు. మేనేజర్ "రాత్రంతా ఒక్కడే మేలుకుని ఉండగలడా?" అని అడిగాడు. "సార్, రాత్రి ఆయన్ను పండవెట్టుడే కష్టం" అన్నాడట బాపు. మేనేజర్ నవ్వాడు. నెల తిరగకముందే కాకకు ఆ గది దొరికింది. పదవీ విరమణ దాకా ఆయన ఆ ఫ్యాను దగ్గరే ఉన్నాడు. దాని చప్పుడులో ఇసుమంత తేడా వచ్చినా చెవి పసిగట్టేదట. ఒకటి రెండుసార్లు పెద్ద నష్టం తప్పించాడని మెచ్చుకున్నారు కూడా. అదే మనిషిని కొన్నాళ్ళ ముందు పొద్దున షిఫ్టులో పనికిరానివాడని తిట్టిన నోళ్ళే అవి.

ఆ రోజు బాపు ఇంటికి వచ్చి విషయమంతా చెప్పి, నీళ్ళ చెంబు ఎత్తాడు. అవ్వ అడిగింది, "మరి నీ ముచ్చట అడిగినవా?"

బాపు చెంబు దించాడు. "యాదికి రాలే" అన్నాడు.

అవ్వ ఆయన్ని చూసింది. నేను తిడుతుందనుకున్నాను. "మంచిది తీయి" అని పొయ్యి దగ్గరికి పోయింది.

అలా బాపు మిగిలిన ఉద్యోగమంతా మూడు షిఫ్టుల్లోనే చేశాడు. మార్చుకునే మనిషి ఇక లేడు. ఆ రాత్రి వారాలను అవ్వే తన చేతుల్లోకి తీసుకుంది. పొద్దున రాగానే జొన్న గటక, మజ్జిగ ఇచ్చి మధ్యాహ్నం దాకా పడుకోబెట్టేది, మళ్ళీ సైరన్‌కు ముందు ఇంకో విడత. రెండు విడతల నిద్ర ఒక నిద్ర కాదు, కానీ నిలబడడానికి సరిపోయింది. ఆమె గుమ్మంలో చేట పట్టుకుని కూర్చునేది. గాజులవాడు, ఐసువాడు, చుట్టాలు, చర్చివాళ్ళు, ఎవరు వచ్చినా దూరంనుంచే వేలు పెదవి మీద పెట్టి ఆపేసేది. ఆ కాపలా ఎన్నేళ్ళు సాగిందో లెక్కపెట్టలేదు. బాపు ఒంటి మీద గాయం లేకుండా బాయినుంచి బయటికి వచ్చాడు. మిగిలిన కాలమంతా కరీంనగర్‌లో నా దగ్గరే, కోళ్ళతో లేచి కోళ్ళతో పడుకుని, తృప్తిగా బతికాడు.

ఇప్పుడు నీలిమను చూస్తాను. ఆమె గదికి మందపాటి కర్టెన్లు, చెవులకు దూది లాంటివేవో, చేతికి ఆ గడియారం. ఎవరి ఒళ్ళు ఏ వేళకు పనిచేస్తుందో కనుక్కోమని ఆఫీసువాళ్ళే క్లాసులు పెడతారట. మంచిదే. మా కాలంలో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు, పొద్దున లేవలేనివాడు సోమరి, రాత్రి మేలుకోలేనివాడు అసమర్థుడు. కానీ ఆమెకు గోడ అవతల ఎవరున్నారో తెలియదు. మార్చుకుందామన్నా ఎవరితో మార్చుకోవాలో ఆ గడియారం చెప్పదు. కాక ఆపరేషన్ బాగానే అయింది. కట్టు విప్పాక సాయంత్రం బస్సుకే వెళ్తానని పట్టుబట్టి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక నాకు గుర్తొచ్చింది బాపు కాదు, కాక కాదు, అవ్వ. బాపు పోయాక ఆమె నా దగ్గర మూడు నాలుగేళ్ళు బతికింది. మొదటి నెలల్లో అలవాటు ప్రకారం నాలుగింటికే లేచి వంటింట్లో చీకట్లో కూర్చునేది. చేయడానికి పని లేదు. తర్వాత ఐదయింది, ఆరయింది. ఒక చలికాలానికి ఎనిమిది దాటినా లేవడం లేదు. నేను భయపడి డాక్టర్‌కు చూపించాను. రక్తం, గుండె అన్నీ చూసి వయసుకు మించి బాగుందన్నాడు. అయినా నా మనసు కుదుటపడలేదు. ఒక పొద్దున చాయ్ తీసుకుపోయి మంచం మీద కూర్చుని అడిగాను.

"అవ్వా, నిజం చెప్పు. ఒంట్ల మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న" అంది, కళ్ళు తెరవకుండానే. "నాకు చిన్నప్పటి సంది పొద్దుగాల లేచుడు సాతగాదు. మా అవ్వ కొట్టి లేపుతుండె. లగ్గమైనంక సైరన్ లేపింది."

నేను చాయ్ కప్పు కింద పెట్టాను. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచి పొయ్యి రాజేసిన మనిషి. బిందె నిండేలోగా ఇద్దరి బతుకులు సరిచేసిన మనిషి.

"మరి ఒక్కనాడన్న చెప్పలేదేంది?"

"ఎందుకు చెప్పుడు?" అంది అవ్వ. "మీ బాపు, గంగారాం ఇద్దరు మార్చుకున్నరు. నాతోని మార్చుకునేటోళ్ళెవరు?"

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. వాన వచ్చింది, వెలిసింది అన్నట్టు చెప్పింది. దుప్పటి తల దాకా లాక్కుని గోడవైపు తిరిగింది.

"జరసేపు పండనియ్యి బిడ్డా" అంది.

చాయ్ వెనక్కి తెచ్చి నేనే తాగాను.